దీనమ్మ చోటు

దీనమ్మ నోరు మంచిది కాదని పేటలో ఎవరినడిగినా చెబుతారు. చేయి మాత్రం మంచిదని ఆ వెంటనే ఒప్పుకుంటారు కూడా. ముప్ఫై ఏళ్ళపాటు ఇరవైనలుగురు ఆడవాళ్ళ ఊడ్పుల ముఠాకి మేస్త్రిగా ఉండి, పెనుగొండ చుట్టుపక్కల ఏ మడిలో దిగినా దారం పట్టినట్టు నాటించిన మనిషి. పక్కదాని కుదురు కాస్త వంకరగా పడితే చాలు, వంచిన నడుం ఎత్తకుండానే దాని పుట్టింటివాళ్ళనీ అత్తింటివాళ్ళనీ కలిపి పలకరించేది. ఆ పలకరింపు అందుకున్నవాళ్ళే మధ్యాహ్నం గట్టుమీద కూర్చుని ఆమె క్యారేజీలో చెయ్యి పెట్టి గోంగూర పచ్చడి తినేవారు.

నాలుగేళ్ళ కిందట బెంగాల్ ముఠాలు వచ్చాయి. మగా ఆడా కలిసి పదిహేను ఇరవైమంది రైలు దిగి, ఎకరాల లెక్కన గుత్తకి మాట్లాడుకుని, పొద్దు పొడవకముందే మడిలో దిగితే పొద్దుగూకేదాకా దించిన తల ఎత్తకుండా నాటేసేవారు. రైతుకి ఇంకేం కావాలి? "దీనమ్మా, నువ్వొస్తేనే నా చేను" అని ఇరవై ఏళ్ళు అన్న సత్తిరాజు గారు మొదటి ఏడాదే వాళ్ళని దించేశారు. దించితే దించారు, ముందు ఒక్క మాట చెప్పి ఉంటే సరిపోయేది. చెప్పలేదు. ముఠాని వెంటేసుకుని, క్యారేజీలు పట్టుకుని దీనమ్మ గట్టుమీదకి వెళ్ళేసరికి సగం చేను పచ్చబడి ఉంది. కూలి పోయిందని ఆమె ఏడవలేదు, మనిషికి చెప్పినట్టు చెప్పలేదే అని ఏడ్చింది. అలాగని సత్తిరాజు గారిని ఏమైనా అందా అంటే, అదీ లేదు. ఆయన ఎదురుపడితే "ఆయ్, బాగున్నారాండీ" అని పక్కకి తప్పుకునేది. కోపమంతా బెంగాల్ వాళ్ళమీద తీర్చుకునేది. అత్త మీద కోపం దుత్త మీద చూపించడం మనకి కొత్తేం కాదు కదా.

ఈ ఏడు వానాకాలం సార్వా పంట ఊడ్పులకి వచ్చిన ముఠా సత్తిరాజు గారి పాత కొబ్బరికాయల కొట్టులో దిగింది. ఆ కొట్టు పేట చివర, చర్చి వెనకాల ఉంది. దిగిన సాయంత్రమే ఒక నల్లటి సన్నటి పిల్ల, పాతికేళ్ళుంటాయేమో, బిందె పట్టుకుని పేట కుళాయి దగ్గరికి వచ్చింది. బిందె నిండేదాకా ఊరుకుని, నిండాక దీనమ్మ దాన్ని కాలితో తన్నింది. నీళ్ళు ఆ పిల్ల పాదాలమీంచి పారిపోయాయి. ఆ పిల్ల బిందెకి పడ్డ సొట్టని చేత్తో తడిమి చూసుకుని, ఖాళీ బిందె చంకన పెట్టుకుని వెళ్ళిపోయింది. "బాగా బుద్ది చెప్పావే అక్కా" అని మెచ్చుకుంది రత్తమ్మ. రత్తమ్మ అంటే దీనమ్మకి తోడికోడలి వరస, ముఠాలో ముప్ఫై ఏళ్ళూ ఆమె పక్కనే నాటిన మనిషి. మర్నాటి నుంచి బెంగాల్ వాళ్ళు కాలవ నీళ్ళలో పటిక తిప్పుకుని తాగారు.

తప్పులు పట్టడానికే దీనమ్మ ఒకరోజు సత్తిరాజు గారి చేను దగ్గరికి వెళ్ళింది. గట్టుమీద గంటసేపు నిలబడినా తప్పు దొరకలేదు. వెతుక్కుంటూ వచ్చిన తప్పు దొరక్కపోతే ఎంత కష్టంగా ఉంటుందో ఆ గంటలో బాగా తెలిసొచ్చింది. ఆఖరికి తూము పక్కన, మూల దగ్గర కుదుళ్ళు మరీ లోతుగా పడుతున్నాయని కనిపించింది.

"అది ఊబినేలే! అంత లోతుగా గుచ్చితే కుళ్ళిపోద్ది. పైపైన ఆనించాలి!" అని అరిచింది.

ఆ మూల నాటుతున్నది కుళాయి దగ్గరి పిల్లే. భాష రాక బిత్తరపోయి చూసింది. దీనమ్మ ఉండబట్టలేక చీర ఎగదోపి మడిలో దిగి, రెండు వేళ్ళతో ఎలా ఆనించాలో చూపించింది. ఆ పిల్ల శ్రద్ధగా చూసి, అప్పటిదాకా వేసిన మూడు వరసలూ పీకి మళ్ళీ నాటింది. తర్వాత ఒక అడుగు పక్కకి జరిగి చోటిచ్చి, నారు కట్ట రెండు చేతులా పట్టుకుని దీనమ్మకి అందించింది. సొంత ముఠాలో కట్టలు విసిరేవారే గాని అలా చేతికందించినవాళ్ళు ఒక్కరూ లేరు. దీనమ్మ కాసేపు ఆ చేతులవైపే చూసి తీసుకుంది. మధ్యాహ్నం దాకా ఇద్దరూ పక్కపక్కన నాటారు. దీనమ్మ నోరు అంతసేపు ఊరుకోవడం ఆమెకే వింతగా ఉంది.

ఆ సాయంత్రం తనే కొట్టు దగ్గరికి వెళ్ళి, "రండే, నీళ్ళట్టుకోండి" అని పిలుచుకొచ్చింది. తప్పైపోయిందని చెప్పడం ఆమెకి చేతకాదు. అందుకని ఆ సొట్టపడ్డ బిందెని తనే తోమి తనే కుళాయి కింద పెట్టింది. పేట ఆడవాళ్ళు మూతులు తిప్పుకున్నారు. ఆ పిల్ల పేరు ఫూల్మణి అనీ, మొగుడి పేరు సుశీల్ అనీ, వాళ్ళు అక్కడి కొండజాతి మనుషులనీ లఖన్ చెప్పాడు. లఖన్ మూడేళ్ళుగా వస్తున్నాడు, ముఠా మొత్తానికి తెలుగు వచ్చింది అతనొక్కడికే. ఫూల్మణి దీనమ్మ నోట్లో పడి పూలమణి అయిపోయింది.

ఆ ఆదివారం పూలమణీ సుశీలూ తలస్నానం చేసి, ఉతికిన బట్టలు కట్టుకుని చర్చికి వచ్చారు. సుశీల్ మెడలో నల్లదారానికి చిన్న కర్ర సిలువ. వెనక తలుపు దగ్గర, చెప్పుల పక్కన చాప అంచుమీద కూర్చున్నారు. మనవాళ్ళు పాట ఎత్తుకుంటే రాగం తెలిసినట్టుంది, సుశీల్ తన భాషలో సన్నగా కలిపాడు. ఆరాధన అయ్యాక ఒకరికొకరు చేతులు కలిపి "వందనాలండి" అనుకోవడం ఆ సంఘంలో తాతల నాటి అలవాటు. పసిపిల్లలకి కూడా వందనాలు చెబుతారు. ఆ ఇద్దరూ చేతులు జోడించి చెప్పుల దగ్గర నిలబడితే, జనం చెప్పులు తొడుక్కుంటూ వాళ్ళని చుట్టుకుని వెళ్ళిపోయారు. దీనమ్మ రత్తమ్మ పక్కన ఉంది. దూరం నుంచే తల ఊపి ఊరుకుంది. ఎందుకంత పిరికితనం వచ్చిందో అప్పుడు ఆలోచించుకోలేదు.

రెండు వారాలు గడిచాయి. మంగళవారం పొద్దున్నే ఆకుమడిలో నారు తీస్తుండగా సుశీల్‌ని పాము కరిచింది. కట్లపాము. ముల్లు గీసుకుందనుకుని మరో పది కట్టలు తీశాడట. కళ్ళు మూతలు పడుతున్నాయన్నాక గాని ఎవరికీ అర్థం కాలేదు. ఆటో ఎక్కించేవేళకి దీనమ్మ గట్టుమీద ఉంది. ఎవరూ రమ్మనకపోయినా ఎక్కి కూర్చుంది. తణుకు ఇంకా నాలుగు కిలోమీటర్లుందనగా పూలమణి ఒళ్ళో అతని తల పక్కకి వాలిపోయింది.

మర్నాడు మధ్యాహ్నానికి పోస్టుమార్టం చేసి శవాన్ని అప్పగించారు. బెంగాల్ తీసుకువెళ్ళాలంటే రెండు రోజుల దారి. ముఠాని పంపిన కాంట్రాక్టరుకి లఖన్ పొద్దుటి నుంచీ ఫోన్ చేస్తూనే ఉన్నాడు, స్విచాఫ్ అని ఆడగొంతు చెబుతూనే ఉంది. ఆసుపత్రి మనిషి ఒకాయన, మంచివాడే, "ఇక్కడే టౌను శ్మశానంలో మునిసిపాలిటీ వాళ్ళు చేసేస్తారమ్మా, కాగితం రాసిస్తే చాలు" అన్నాడు. లఖన్ ఆ మాట వాళ్ళ భాషలో చెబితే పూలమణి తల అడ్డంగా ఊపింది. అతని మెడలోని సిలువ చూపించి ఏదో అంది.

"ఏంటంటుందిరా?" అంది దీనమ్మ.

"ప్రార్థన చేసి పెట్టాలి, పైన సిలువ ఉండాలి అంటుంది అమ్మా. పిల్లలు పెద్దయితే తీసుకొచ్చి చూపిస్తుంది అంటుంది. ఇద్దరు పిల్లలు ఉన్నారు ఊళ్ళో, అమ్మమ్మ దగ్గర."

దీనమ్మ ఒక్క క్షణం ఆగలేదు. పూలమణి రెండు చేతులూ పట్టుకుంది. "మా సమాధుల దొడ్లో పెడదాం. నా చోటుంది. నా మొగుడి పక్కన నాకని ఉంచిన చోటు, అది నీ మొగుడికిచ్చేత్తాను. లఖనూ, సెప్పరా దీనికి. నేను మాటిచ్చానని సెప్పు." లఖన్ చెప్పాడు. పూలమణి అప్పటిదాకా ఏడవనిది అప్పుడు ఏడ్చింది. కాగితం రాయలేదు. సత్తిరాజు గారు పంపిన ట్రాక్టరు తొట్టిలో సుశీల్‌ని పడుకోబెట్టి వెనక్కి బయలుదేరారు. దారిలో సత్తిరాజు గారు బండి ఆపి పరామర్శించారు. "నా చేలో పెట్టుకోమందును గాని దీనమ్మా, చుట్టుపక్కల రైతులు ఊరుకోరు. అయినా మీకు దొడ్డుంది, మీవాళ్ళు, మీ ప్రార్థన. మీకేం ఇబ్బంది?" అని గొడుగు సరిచేసుకుని వెళ్ళిపోయారు.

ఆ దొడ్డి సంగతి చెప్పాలి. మురుగుకాలవ గట్టు కింద పద్దెనిమిది సెంట్లు. వానాకాలం రెండడుగులు తవ్వితే నీళ్ళూరతాయి. పూర్వం అదీ లేదు. దీనమ్మ కాపరానికి వచ్చిన కొత్తలో ఆమె మామగారు పోతే, శవప్పెట్టెని తమ దారమ్మట పోనివ్వబోమని ఊరివాళ్ళు కర్రలడ్డం పెట్టారు. ఆరుగురు మగాళ్ళు మెడలోతు కాలవలో దిగి పెట్టెని తలలమీద పెట్టుకుని అవతలి గట్టుకి చేర్చారు. ఆ తర్వాత పేటంతా ధర్నాలు చేస్తే, తిరగ్గా తిరగ్గా కలెక్టరు ఈ ముక్క ఇచ్చాడు. గడపలు నూటముప్ఫై, చోటు చూస్తే ఇంతే. అందుకని సంఘం ఒక కట్టుబాటు పెట్టుకుంది. ఇంటికొకటే గుంట. పన్నెండేళ్ళు దాటితే గాని గుంట మీద గుంట తవ్వకూడదు. దీనమ్మ భర్త ప్రకాశం ఒక్కడికే రెండు చోట్లిచ్చారు. ఎందుకంటే ప్రకాశం నలభై ఏళ్ళు పేటలో ఎవరు పోయినా చిల్లిగవ్వ పుచ్చుకోకుండా గుంట తవ్వాడు. ఆరేళ్ళ కిందట అతను పోయినప్పుడు, పక్క చోటు దీనమ్మదని సంఘం లేచి నిలబడి తీర్మానం చేసింది. పేటలో ఒక కూలివాడికి దక్కిన మర్యాద అంటే అదే.

ట్రాక్టరు దొడ్డి గేటు దగ్గర ఆగేసరికి, ముందే ఎవరు కబురిచ్చారో గాని, గేటుకి తాళం వేసి ఉంది. వాన పడుతోంది. సంఘం కమిటీ చర్చిలో కూర్చుందని ఎవరో చెప్పారు. దీనమ్మ తడిబట్టలతోనే వెళ్ళింది.

సంఘ కార్యదర్శి ఫిన్నీ బల్ల దగ్గర తీర్మానాల పుస్తకం ముందు పెట్టుకుని ఉన్నాడు. ఫిన్నీ ప్రకాశం తమ్ముడి కొడుకు. తల్లి పురిట్లోనే పోతే దీనమ్మ చేతిలో పెరిగాడు. డిగ్రీ చదివి గ్రామ సచివాలయంలో ఉద్యోగం చేస్తున్నాడు. చెడ్డవాడని ఎవరూ అనరు. పక్కన పాస్టరు ఉదయ్‌కుమార్ గారు. వచ్చి రెండేళ్ళయింది, మెత్తటి మనిషి, ఎవరు మాట్లాడినా వాళ్ళ వైపు తల ఊపుతారు. గుమ్మంలో రత్తమ్మా, దీనమ్మ ముఠా ఆడవాళ్ళూ.

"పెద్దమ్మా, మమ్మల్ని అడక్కుండా తీసుకొచ్చేస్తే ఎలాగ?" అన్నాడు ఫిన్నీ.

"అడగడానికేంటిరా, నా చోటు నేనిత్తన్నాను. నీ చోటేం అడగలేదు కదా."

"ఇవాళ ఒకడికిస్తే వచ్చే ఏడు ఇంకొకడు. మనవాళ్ళకే చోటు చాలట్లేదు. పైగా అతనిది ఏ సంఘమో తెలీదు, ఏ మిషనో తెలీదు. బాప్తిస్మం సర్టిఫికెట్ ఏదన్నా ఉందా?"

చచ్చినవాడి దగ్గర బాప్తిస్మం సర్టిఫికెట్ అడిగాడు! పాస్టరు గారు ఇబ్బందిగా కదిలి, "సిలువ ఉందంటున్నారు గదా ఫిన్నీ గారూ" అని నసిగారు. సిలువ ఎవరైనా కట్టుకోవచ్చండి అన్నాడు ఫిన్నీ. పాస్టరు గారు ఆ మాటకీ తల ఊపారు.

గుమ్మంలోంచి రత్తమ్మ అందుకుంది. "తాను దూర సందు లేదు మెడకో డోలని! బతికున్నప్పుడు మన మళ్ళన్నీ లాక్కున్నారు. సచ్చాక మన మట్టి కూడా కావాలా ఆళ్ళకి? ఏవే అక్కా, మన ముఠాలో పిల్లలు ఊడ్పులు లేక హైదరాబాదెళ్ళి అంట్లు తోముతున్నారు, ఆళ్ళ కోసం ఏనాడన్నా ఇలా తడుసుకుంటా వచ్చావా?"

దీనమ్మకి ఆ మాట గట్టిగానే తగిలింది. అయినా తగ్గలేదు. "రత్తమ్మా, మనకి చెప్పకుండా మానిపించింది రైతు. ఇది కాదు. ఫిన్నీ, మీ తాత పెట్టెని కాలవలో తలలమీద మోశారు, తెలుసు కదరా? మోసినోళ్ళలో మీ నాన్న ఉన్నాడు, మీ పెదనాన్న ఉన్నాడు. ఆ రోజు కర్రలడ్డం పెట్టినోళ్ళని ఇప్పటికీ తిట్టుకుంటాం. ఇయ్యాళ గేటుకి తాళం మనం ఏశాం. ఆళ్ళకీ మనకీ తేడా ఏంటో నువ్వు సదువుకున్నోడివి, నువ్వు సెప్పు."

గెలిచాననుకుంది దీనమ్మ. ఆ మాట నిజమైనదే గనక ఎవరూ ఎదురు చెప్పలేరనుకుంది. పాపం, అంత వయసొచ్చినా ఆమెకి తెలియలేదు, ఉన్నమాటంటే ఉలుకెక్కువే గాని జాలి పుట్టదు.

ఫిన్నీ తల వంచుకున్నాడు. తర్వాత పుస్తకంలో ఏదో రాసి, ఆమె వైపు తిప్పాడు. అతని కళ్ళల్లో నీళ్ళున్నాయి, అది నటన కాదు.

"సరే పెద్దమ్మా. నేనడ్డం రాను. 'నాకు దొడ్డిలో చోటు అక్కర్లేదు, నా చోటు సుశీల్‌కి ఇస్తున్నాను' అని రాశాను. సంతకం పెట్టు, తాళం తీస్తాను. చీకటి పడేలోపు అయిపోద్ది. కానీ ఒక్కటి చెప్పు. రేపు నీకేదైనా అయితే నిన్నెక్కడ పెట్టాలి? పెదనాన్న గుంట మీద ఇంకా ఆరేళ్ళు తవ్వకూడదు. నాన్న గుంట రెండేళ్ళ కిందటిది. నిన్ను తీసుకెళ్ళి ఎవరి గేటు ముందు పెట్టుకుని కూర్చోవాలి నేను? అది చెప్పి సంతకం పెట్టు."

దీనమ్మ పెన్ను అందుకుంది. సంతకం రాత్రిబడిలో నేర్చుకుంది, మూడక్షరాలూ విడివిడిగా రాస్తుంది. 'దీ' అని రాసింది. చెయ్యి అక్కడ ఆగిపోయింది.

బయట ట్రాక్టరు దగ్గర తనకోసం చూస్తున్న మనిషి ఉందని ఆమెకి తెలుసు. మాటిచ్చానని తెలుసు. కానీ ఆ నిమిషంలో ఆమె కళ్ళకి కనిపించింది తన శవమే. గేటు ముందు తాటాకు చాప మీద వానలో తడుస్తూ, ఫిన్నీ ఇంటింటికీ తిరుగుతూ, రత్తమ్మ మొహం తిప్పుకుంటూ. ప్రకాశం ఆఖరి రోజుల్లో, మాట పడిపోయాక కూడా, మంచం పట్టె పక్కన అరచేత్తో తట్టి చూపించేవాడు, ఇక్కడే, నా పక్కనే అన్నట్టు. బతుకంతా ఒకరి గట్టుమీద నిలబడి ఒకరి మడిలో వంగిన మనిషికి తనదని చెప్పుకునే నేల ఆరడుగులు, అదీ చచ్చాక. ఇస్తానన్నప్పుడు అది మాట. ఇప్పుడు అది నేల.

"రేపు పెడతాన్రా" అంది, పెన్ను కింద పెట్టి.

రేపటిదాకా ఆగడానికి సుశీల్ బతికి లేడు. ఆ సంగతి అందరికీ తెలుసు, ఆమెకీ తెలుసు. ఫిన్నీ మెల్లగా పుస్తకం మూసేశాడు. పాస్టరు గారు "ప్రార్థన చేసుకుందాం" అన్నారు. దీనమ్మ ప్రార్థనకి ఆగకుండా బయటికి వచ్చేసింది.

గేటు దగ్గర పూలమణి శవం మీద కప్పిన ప్లాస్టిక్ పట్టాని గాలికి ఎగరకుండా రెండు చేతులతో అదిమిపట్టుకుని ఉంది. దీనమ్మని చూడగానే లేచింది. బెంగాల్ ముఠావాళ్ళు అప్పటికే ఎవరిదో పలుగూ పారా అడిగి తెచ్చి పెట్టుకున్నారు.

"అమ్మా, ఏమన్నారు?" అన్నాడు లఖన్.

దీనమ్మ నోరు తెరిచింది. నేనే ఇవ్వలేకపోయాను అని చెప్పాలి. చెబితే ఈ పిల్ల ఇక తన మొహం చూడదు.

"ఒప్పుకోలేదయ్యా. ఎంత సెప్పినా ఒప్పుకోలేదు ఆళ్ళు" అంది.

లఖన్ చెప్పాడు. పూలమణి దగ్గరికి వచ్చి దీనమ్మ రెండు చేతులూ తీసుకుని తన కళ్ళకి అద్దుకుంది. ఏదో అంది.

"ఈ ఊళ్ళో మా కోసం అడిగింది మీరొక్కరే అంటుంది అమ్మా. మర్చిపోదు అంటుంది. పిల్లలకి చెప్తుంది అంటుంది, మీ పేరు."

దీనమ్మ చేతులు వెనక్కి లాక్కుంది. పూలమణి అది ఏడుపు ఆపుకోవడమనుకుంది. ట్రాక్టరు వెనక్కి తిరిగి సిద్ధాంతం రోడ్డు పట్టింది. తొట్టిలో పద్నాలుగుమంది నిలబడి ఉన్నారు, మధ్యలో పడుకున్న మనిషి కాళ్ళు ట్రాక్టరు గతుకుల్లో పడినప్పుడల్లా కదులుతున్నాయి.

ఎక్కడ పెట్టారో మర్నాడు ట్రాక్టరు డ్రైవరు బుల్లియ్య చెప్పాడు. సిద్ధాంతం వంతెన దిగువన గోదారి లంకలో, ఇసకలో. "ఇసక కదా అత్తా, తవ్వడం సులువుగానే అయిపోయింది. ఆ పిల్ల రెండు కర్రముక్కలు తాడుతో కట్టి గుచ్చింది. లఖన్ ఏదో పాడాడు. నేను కూడా టోపీ తీసి నిలబడ్డాను" అన్నాడు. ముఠా అటు నుంచి అటే తాడేపల్లిగూడెం వెళ్ళి రైలెక్కేసిందట. సత్తిరాజు గారి చేను సగంలో ఆగిపోయింది. ఆయన నాలుగేళ్ళలో మొదటిసారి పేటలోకి స్వయంగా వచ్చి, దీనమ్మ ఇంటి ముందు నిలబడి, "దీనమ్మా, నీ ముఠాని దింపు" అన్నారు. ఆడవాళ్ళు పండగలా వెళ్ళారు. దీనమ్మ జ్వరమని పడుకుంది.

మూడో రోజున పైన వానలు ఎక్కువై గోదారి పొంగింది. ధవళేశ్వరం దగ్గర రెండో ప్రమాద హెచ్చరిక ఎగరేశారని టీవీలో చెప్పారు. లంకలన్నీ ములిగాయి. దీనమ్మ ఫిన్నీ ఇంట్లో టీవీ ముందు నేలమీద కూర్చుని, ఎర్రటి నీళ్ళలో కొట్టుకుపోతున్న దుంగల్ని, గడ్డివాముల్ని రెప్పవేయకుండా చూసింది. ఏం వెతుకుతోందో ఎవరూ అడగలేదు. ఎక్కడో బెంగాల్లో ఇద్దరు పిల్లలు పెద్దయి, నాన్న సిలువ చూపించమని తల్లిని అడుగుతారు. ఆ తల్లి తమకోసం అడిగిన ఒక ముసలమ్మ గురించి వాళ్ళకి కథ చెబుతుంది. ఆ ఆలోచన రాగానే దీనమ్మ లేచి వెళ్ళి వాంతి చేసుకుంది.

వరద తీసిన వారానికి, ఆదివారం ఆరాధన అయ్యాక ఫిన్నీ ఆమెని దొడ్డికి తీసుకువెళ్ళాడు. వెనకాల పాస్టరు గారు, రత్తమ్మ, ముఠా ఆడవాళ్ళు అందరూ వచ్చారు. ప్రకాశం సమాధి పక్కన నాలుగువైపులా ఇటుకలు పేర్చి, సిమెంటు పూసి, తలవైపు చిన్న నాపరాయి నిలబెట్టి ఉంది. రాయి మీద ఆమె పేరు చెక్కించాడు. పుట్టిన ఏడు వేయించి, రెండో ఏడుకి జాగా వదిలిపెట్టాడు.

"ఇంక ఎవరూ అడగరు పెద్దమ్మా. ఎవరికీ ఇవ్వమని నిన్ను ఇబ్బంది పెట్టరు. కమిటీ అంతా కలిసి చేయించాం" అన్నాడు. అతని గొంతులో ప్రేమ తప్ప ఏమీ లేదు. అదే ఆమె భరించలేకపోయింది.

"పూలమణికి అబద్దం చెప్పాన్రా" అంది దీనమ్మ. గొంతు పెద్దదే గనక అందరికీ వినబడింది. "మీరు ఒప్పుకోలేదని చెప్పాను. మీరు ఒప్పుకున్నారు. పెన్ను నా చేతికిచ్చారు. నేనే పెట్టలేదు సంతకం. ఆ పిల్ల నా చేతులు కళ్ళకద్దుకుని వెళ్ళింది. దాని మొగుణ్ణి గోదారి పాలు చేసింది నేను. మునిసిపాలిటీ వాళ్ళు పెడతామంటే వద్దని ఇక్కడికి తెచ్చింది కూడా నేనే."

చెప్పి, ఒక్కొక్కరి మొహంలోకీ చూసింది. ఎవరో ఒకరు తనని తిట్టాలి. నువ్వూ ఒక మనిషివేనా అని ఒక్కరైనా మొహాన ఉమ్మాలి. పాస్టరు గారి వైపు చూసింది. ఆయన తల ఊపారు, ఎప్పటిలాగే.

రత్తమ్మ దగ్గరికి వచ్చి ఆమె భుజం చుట్టూ చెయ్యి వేసింది. రత్తమ్మ కళ్ళు చెమర్చాయి.

"అవునా అక్కా? నువ్వే పెట్టలేదా? మేమంతా నువ్వు ఆళ్ళ పచ్చం అయిపోయావని ఎంత బాధపడ్డామో! ఎంత మంచిపని చేశావే తల్లీ" అంది.

వెనకాల ఆడవాళ్ళు ఒక్కొక్కరే ముందుకొచ్చి, దీనమ్మ చెయ్యి పట్టుకుని వందనాలు చెప్పారు.